మిషన్ పక్కన నోట్‌బుక్కు

(జుఫైర్‌లో ఒక శుక్రవారం జరిగిన కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వారానికి ఒక్కరోజు సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, వండుకోవాలి, ఇంటికి వీడియో కాల్ చెయ్యాలి. అవన్నీ పక్కన పెట్టి సిత్రా నుంచి, హిద్ నుంచి, సల్మాబాద్ క్యాంపుల నుంచి బస్సులు పట్టుకొని ఇంత దూరం వచ్చారు. మిమ్మల్ని ఎక్కువ సేపు కూర్చోబెట్టం.

మేము అంటే సైటు మీద మిషన్లు చూసుకునే సూపర్‌వైజర్లం. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఏజెంటుకు పైసలు కట్టి, మీ లెక్కనే వచ్చినవాళ్లం. పెద్ద ఇంజినీర్లం కాదు. క్రేను, హాయిస్టు, జనరేటరు, కంప్రెసరు, కాంక్రీటు పంపు, ఇవీ మాకు తెలిసినవి. నిర్వాహకులు మమ్మల్ని సేఫ్టీ మీద మాట్లాడమన్నారు. హెల్మెట్ పెట్టుకో, బెల్టు తగిలించుకో అని రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో మేమే చెప్తాం, మీరే వింటారు. మళ్లీ ఇక్కడ కూడా అదే ఎందుకు? అందుకని ఇవాళ కాగితాల గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండి. కాగితం వల్ల మా చేతుల మీద ఒక తప్పు జరిగింది. దాన్ని చెప్పకుండా మిగతాది చెప్తే మీరు నమ్మరు.

కొన్నేళ్ల కిందటి మాట. ఇక్కడే జుఫైర్‌లో, సముద్రానికి దగ్గర్లో, ఇరవై పైచిలుకు అంతస్తుల అపార్టుమెంటు పని. బిల్డింగు బయట పాసింజర్ హాయిస్టు ఉండేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాం, పళ్ల పట్టాను పట్టుకొని ఎక్కి దిగే బయటి లిఫ్టు అది. దానికి రోజూ పొద్దున చెక్‌లిస్టు నింపాలి. బ్రేకు, గేటు, లిమిట్ స్విచ్చి, గ్రీజు, ఇట్లా పద్దెనిమిది గళ్లు. రోజూ ఏం నింపుతాంలే అని మేము గురువారం సాయంత్రం కూర్చొని వారం మొత్తానికి ఒకేసారి టిక్కులు పెట్టేవాళ్లం. ఒకే పెన్ను, ఒకే ఇంకు, ఒకే వంపు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు కూడా ఎప్పుడూ అడగలేదు.

హాయిస్టు నడిపే తమ్ముడిది నిర్మల్ దిక్కు. ఒక సోమవారం దిగేటప్పుడు బ్రేకు కీచుమంటోందని ఫోర్‌మన్‌కి చెప్పాడు. ఫోర్‌మన్ మెకానిక్‌కి చెప్పాడు. అంతా నోటి మాటే. ఆ మెకానిక్ ఆ రాత్రే లీవు మీద ఊరికి పోయాడు. నెల కిందట బ్రేకు డిస్కు వేరే కంపెనీది వేశామనీ, కొన్నాళ్లు నడిచాక గ్యాపు మళ్లీ సరిచెయ్యాలనీ తెలిసింది అతనొక్కడికే. ఎక్కడా రాయలేదు. అతనితో పాటే అదీ విమానం ఎక్కింది. అతని బదులు వచ్చిన మెకానిక్ ఫైలు తిరగేశాడు. పోయిన వారాలన్నీ ఓకే, ఓకే, ఓకే. మనిషిని నమ్మకపోయినా సంతకాన్ని నమ్ముతాం కదా. వేరే పని చూసుకున్నాడు.

గురువారం పొద్దున ఆరుగురితో దిగుతుంటే తొమ్మిదో అంతస్తు దగ్గర బ్రేకు జారింది. వేగం హద్దు దాటితే పట్టుకునే సేఫ్టీ డివైస్ ఒకటి ఉంటుంది, అది పట్టింది. అది పట్టకపోతే ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు. ఆ కుదుపుకి ఒక మేస్త్రీకి మణికట్టు విరిగింది, ఇంకొకాయనకు మోకాలు పోయింది.

ఎంక్వైరీ పెట్టారు. మొదట ఫైలు అడిగారు. సోమ, మంగళ, బుధ తారీఖుల కాగితాలు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే గురువారం సాయంత్రం ఇంకా కాలేదు కదా. మేము భయపడి ఏం చేశామో ఊహించుకోండి. నింపేశాం. బ్రేకు ఓకే, బ్రేకు ఓకే, బ్రేకు ఓకే. ఇక మిషన్ తప్పు లేనట్టే. మిషన్ తప్పు కాకపోతే ఎవరి తప్పు? ఆపరేటర్ ఓవర్‌లోడ్ చేశాడన్నారు. ఆ తమ్ముణ్ణి ఇంటికి పంపే మాట నడిచింది. వచ్చి పద్నాలుగు నెలలే. అప్పు సగం కూడా తీరలేదు.

అతను మాత్రం ఒక పని చేశాడు. అది సాక్ష్యం కోసం చేసింది కాదు. సోమవారం రాత్రి పెళ్లానికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పెట్టాడు. ఇయ్యాల లిఫ్టు దిగేటప్పుడు కీచుమని కొట్టుకుంటోంది, ఫోర్‌మన్‌కు చెప్పిన, చూస్తమన్నరు, నాకైతే భయమైతోంది అని. తారీఖుతో, టైముతో సహా ఫోన్లో ఉంది. అది మాకు వినిపించాడు. మమ్మల్ని నిలదీయలేదు, తిట్టలేదు. అన్నా, ఇది పనికొస్తదా అని అడిగాడు, అంతే.

నిజం చెప్తున్నాం, మాకు నోరు తెరవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. మూడో రోజు సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి పోయి, ఆ టిక్కులు చూసి పెట్టినవి కావు, ఆ మూడు రోజులవీ తర్వాత రాసినవి అని చెప్పాం. వార్నింగ్ లెటర్ వచ్చింది, ఆ ఏడు ఇంక్రిమెంటు పోయింది. ఆ తమ్ముడు పనిలోనే ఉన్నాడు. ఆ మేస్త్రీ మణికట్టు మాత్రం ఇప్పటికీ పూర్తిగా తిరగదు, కర్నె పట్టుకుంటే నొప్పి అంటాడు. దాన్ని మా వార్నింగ్ లెటర్ బాగుచెయ్యలేదు.

అప్పట్నుంచి ఈ కాగితాల సంగతి మాకు పట్టుకుంది.

ఆలోచించి చూడండి. ఊళ్లో రైసు మిల్లు ఉంటుంది. మిల్లు డ్రైవరు ముప్పై ఏళ్లు అదే మిల్లులో ఉంటాడు. ఏ బేరింగు ఎప్పుడు మోగుతుందో, ఏ బెల్టు ఎండాకాలంలో సాగుతుందో ఆయనకు తెలుసు. ఆయనకు పుస్తకం లేకపోయినా నడుస్తుంది, ఎందుకంటే ఆయనే పుస్తకం. ఇక్కడ మన సంగతి అట్లా కాదు. రెండేళ్ల వీసా. ఒకరు పోతారు, ఒకరు వస్తారు. సైటు అయిపోతే క్రేను ఇంకో సైటుకి, మనం ఇంకో క్యాంపుకి. మిషన్ పదేళ్లు ఉంటుంది, దాన్ని తెలిసినవాడు పది నెలలు కూడా ఉండడు. పోయేవాడు వచ్చేవాడికి చెప్పే టైము ఉండదు. ఒకరిది తెలుగు, ఒకరిది బెంగాలీ, ఒకరిది నేపాలీ. మరి ఆ మిషన్ కథ ఎవరి దగ్గర ఉండాలి? మిషన్ దగ్గరే ఉండాలి.

మిషన్‌తో పాటు వచ్చే మాన్యువల్ ఉంటుంది, థర్డ్ పార్టీ వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ ఉంటుంది. అవి ఆఫీసు బీరువాలో ఉంటాయి, ఉండాలి కూడా. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. హాయిస్టులు, లిఫ్టులు ఆరు నెలలకోసారి, బరువులెత్తే మిగతా మిషన్లు, చైన్లు, తాళ్లు ఏడాదికోసారి తెలిసినవాడితో చూపించి రాసి పెట్టాలని. ఇక్కడి సైట్లలో ఎక్కువమంది కన్సల్టెంట్లు బ్రిటిష్ పద్ధతి అడుగుతారు. వాళ్ల 1998 నాటి నియమంలో మనుషుల్ని ఎత్తేవీ, స్లింగులు, షాకిల్స్ లాంటివీ ఆరు నెలలు, మిగతావి పన్నెండు నెలలు. కానీ సర్టిఫికెట్ అనేది ఆ ఒక్కరోజు తీసిన ఫోటో. జనవరిలో ఫోటో బాగా దిగినవాడికి జూన్‌లో జ్వరం రాదని ఏముంది? మిగతా రోజుల సంగతి చెప్పేది రోజువారీ నోట్‌బుక్కే. అది రాయాల్సింది మిషన్ మీద చెయ్యి వేసేవాడే.

అందులో ఏం రాయాలి? మొదట తారీఖు, టైము, అవర్ మీటరు మీద ఉన్న నంబరు. ఈ అవర్ మీటరు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మా దగ్గర ఒక జనరేటరు ఉండేది. 250 గంటలకోసారి ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు మార్చాలని దాని మాన్యువల్. ఇంటి దగ్గర కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటరుకి 250 గంటలంటే ఏడాది పట్టొచ్చు. అందుకే మనకు అలవాటుగా నెలకోసారి సర్వీసంటే చాలా మంచి సర్వీసని అనిపిస్తుంది. కానీ ఇక్కడ సైటు జనరేటరు రోజుకి ఇరవై గంటలు నడుస్తుంది. 250 గంటలు పన్నెండున్నర రోజుల్లో అయిపోతాయి. నెలకోసారి మారిస్తే 600 గంటలు నడిపినట్టు. పైన జూలై ఎండ, కింద దుమ్ము. ఇంజిన్ సీజ్ అయితే కంపెనీ ఇంజిన్‌ది చెడ్డ మేకు అంటుంది. కాదు, మన లెక్క చెడ్డది. కేలండరు చూసి సర్వీసు చెయ్యకండి, మీటరు చూసి చెయ్యండి. రోజూ రాస్తేనే అది ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది.

తర్వాత, మీరు చూసింది రాయండి, విన్నది రాయండి, వాసన వస్తే వాసన రాయండి. ‘బ్రేకు ఓకే’ అని రాయొద్దు. ‘దిగేటప్పుడు కీచు సౌండు, ఎక్కేటప్పుడు లేదు, ఆరుగురు ఉన్నారు’ అని రాయండి. మెకానిక్‌కి ఆ ఒక్క వాక్యం చాలు, సగం రోగం దొరుకుతుంది. డాక్టరు దగ్గరికి పోయి బాగాలేదు అని ఊరుకుంటామా? ఎక్కడ, ఎప్పట్నుంచి, తిన్నాకనా తినకముందా అని చెప్తాం కదా. ఎవరికి చెప్పారో రాయండి, ఎన్ని గంటలకు చెప్పారో రాయండి. వాళ్లు ఏమన్నారో కూడా రాయండి. చివర ఎవరు బాగుచేశారు, ఏ సామాను వేశారు, పాత సామానుకి ఇది వేరే మేకా అన్నది మెకానిక్‌తో రాయించండి. రాయను పో అంటే, ‘మెకానిక్ వచ్చి చూశాడు, రాయలేదు’ అని మీరే రాయండి. దాంతో ఆయన రాస్తాడు, మేము చూశాం.

తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన రాయండి. వైట్నరు వద్దు, పేజీ చింపొద్దు. పేజీలకు ముందే నంబర్లు వెయ్యండి. ఖాళీ ఉంటే ఖాళీగానే వదలండి. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు ఎందుకు ఖాళీ అని అడుగుతారు. అబద్ధపు టిక్కుని ఎవరూ అడగరు. మా విషయంలో జరిగింది అదే.

స్లింగుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాం. బెల్టు స్లింగు రంగులు అందరికీ తెలుసు. ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద రంగు నాలుగు, ఎరుపు ఐదు. కానీ ఎండకి, ఉప్పు గాలికి రంగు వెలిసిపోతుంది. పసుపేదో, వెలిసిన ఆకుపచ్చేదో సాయంత్రం వెలుతుర్లో ఎవడు చెప్తాడు? అందుకే దాని మీద కుట్టిన లేబులు, నంబరు ముఖ్యం. లేబులు పోయిన స్లింగు ఎంత కొత్తగా ఉన్నా దానికి పేరు లేదు, పుట్టిన తేదీ లేదు. కోసి పారెయ్యండి. కోయకుండా పక్కన పెడితే రాత్రి షిఫ్టువాడు తీసి వాడతాడు.

ఉప్పు గాలి అన్నాం కదా. ఈ జుఫైర్‌లో చాలా భాగం సముద్రం పూడ్చిన నేల. పక్కనే నీళ్లు, గాలిలో తేమ. మన ఊళ్లో ఐదేళ్లు నిలిచే క్రేను తాడు ఇక్కడ అంతకాలం నిలవదు. లోపలి తీగ తుప్పు పడుతుంది, పైకి గ్రీజు పూసి నిగనిగలాడుతుంటుంది. తాడు మందం కొలిచి, ఎక్కడ కొలిచారో గుర్తు పెట్టి, నెలనెలా ఆ చోటే కొలిచి రాస్తే సన్నబడేది నంబర్లలో కనపడుతుంది. ఒక్కసారి కొలిచిన నంబరు ఏమీ చెప్పదు. ఆరు నెలల నంబర్లు ఒకదాని కింద ఒకటి ఉంటే అదే మాట్లాడుతుంది.

ఇక విశాఖపట్నం సంగతి. 2020 మే 7, తెల్లవారుజామున మూడింటి వేళ. అప్పుడు కరోనా, మనలో చాలామంది ఇక్కడ క్యాంపుల్లో బంద్ అయి ఉన్నాం. ఫోన్లలో చూశాం, వెంకటాపురం రోడ్ల మీద మనుషులు, పశువులు ఎట్లా పడిపోయారో. ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి లేచింది. కనీసం పన్నెండు మంది చనిపోయారు. తర్వాత నీరభ్ కుమార్ ప్రసాద్ గారి అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ జూలైలో రిపోర్టు ఇచ్చింది. అందులో మిషన్లు చూసే మనలాంటివాళ్లకు ముఖ్యమైనవి రెండున్నాయి.

ఒకటి, ఆ ట్యాంకులో వేడిని కొలిచే సెన్సరు అడుగున ఉంది. నడుమ లేదు, పైన లేదు. స్టైరీన్ ఊరికే నిలవ ఉంటే తనంతట తనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, గడ్డకట్టేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా తొందరగా గడ్డకడుతుంది. కింద చల్లగా ఉంటే పైన ఉడుకుతోందని ఎవరికి తెలుస్తుంది? అంటే లాగ్‌బుక్కు రోజూ నింపినా సరిపోదు. ఆ నంబరు మిషన్‌లో ఏ చోటుదో కూడా తెలియాలి. రీడింగు రాసేవాడు ఒక్కసారన్నా తల ఎత్తి, ఈ మీటరు తీగ ఎక్కడికి పోతోంది అని చూడాలి.

రెండోది, 2019 డిసెంబరులో ఆ ట్యాంకు సరుకును తిప్పే పైపు మార్చారు. ఆ మార్పు తర్వాత లోపల సరుకు పైనా కిందా సరిగ్గా కలవలేదని కమిటీ తప్పుపట్టింది. గడ్డకట్టకుండా కలిపే టీబీసీ అనే మందు కూడా నిల్వ లేదంది. ఒక పైపు మార్చడం చూడ్డానికి ఎంత పని? వెల్డరు, ఫిట్టరు కలిసి చేసేస్తారు. మా హాయిస్టులో బ్రేకు డిస్కు మార్చడం ఎంత పని? అరపూట పని. విశాఖ పక్కన మాది చాలా చిన్నది, పోల్చడానికి కూడా సిగ్గుగా ఉంది. కానీ తీరు ఒకటే. మార్పు చేశాక ఆ మిషన్ పాత మిషన్ కాదు. పాత చెక్‌లిస్టు, పాత సర్వీసు గడువు, పాత ఆపరేటరు అలవాటు, ఇవన్నీ ఒక్కసారి మళ్లీ చూసుకోవాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో దానికి మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్ అని పెద్ద ఫారం ఉంటుంది. మన స్థాయిలో ఎర్ర పెన్నుతో నాలుగు లైన్లు చాలు. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఎవరు మార్చారు, ఇక మీదట ఏం జాగ్రత్తగా చూడాలి. ఎర్ర పెన్ను ఎందుకంటే కొత్తగా వచ్చినవాడు అన్ని పేజీలు చదవడు, ఎర్రగా ఉన్నవి చదువుతాడు.

అన్నా, మాకు ఇంగ్లీషు రాదు కదా అని మీలో కొందరు అనుకుంటుంటారు. తెలుగులో రాయండి. తప్పుల్లేకుండా రాయమని ఎవరూ అడగడం లేదు. తారీఖు, నంబర్లు ఎవరికైనా అర్థమవుతాయి. మిగతాది కావలసినవాడు చదివించుకుంటాడు. మా సైటులో ఒక బీహారీ అన్న బ్రేకు దగ్గర సౌండొస్తే చెవి బొమ్మ గీసేవాడు, ఆయిలు కారితే చుక్క గీసేవాడు. మొదట నవ్వాం. తర్వాత ఆ చెవి, చుక్క మా ఫారంలోకే తీసుకున్నాం. రాయడం రానివాళ్లు ఎవరూ సిగ్గుపడొద్దు, పక్కవాడితో రాయించి వేలిముద్ర వెయ్యండి.

ఫోన్లో ఫోటో తీసుకోవచ్చా అంటే, రాసిన పేజీ, మిషన్ నేమ్‌ప్లేటు, సూపర్‌వైజరుకి చెప్పి తీసుకోండి. ఇక్కడ జుఫైర్‌లో పక్కనే నేవీ బేస్ ఉంది. క్రేను మీద నుంచి చుట్టుపక్కల ఫోటోలు తీసి ఇంటికి పంపి కొత్త తలనొప్పి తెచ్చుకోవద్దు. సైటులో ఫోన్లు వద్దన్నచోట వద్దు. రాత్రి రూముకి వచ్చాక మీ సొంత నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకుంటే దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

లీవు మీద పోయేవాళ్లకు ఒక మాట. టికెట్టు చేతికొచ్చిన రోజు మనసు ఇంట్లోనే ఉంటుంది, తెలుసు. సామాను కట్టడం, బంగారం కొనడం, పిల్లలకు చాక్లెట్లు. ఆ హడావిడిలోనే ఒక్క అరగంట తీసి, మీ మిషన్ గురించి మీకొక్కరికే తెలిసినవి ఒక పేజీలో రాసి క్యాబిన్‌లో పెట్టండి. ఏ స్విచ్చి రెండుసార్లు నొక్కితే పడుతుందో, ఏ హోసు ఎప్పుడు వేశారో. మా మెకానిక్ ఆ అరగంట కేటాయించి ఉంటే అన్న మాట మేము ఇప్పటికీ అనుకుంటాం. తర్వాత గుర్తొస్తుంది, ఆయన్ని రాయమని మేము కూడా ఎప్పుడూ అడగలేదని.

ఇందాక వెనక కూర్చున్న మామ ఒకాయన లేచి ఒక ప్రశ్న అడిగాడు. అది మంచి ప్రశ్న, అందుకే ఈ పుస్తకంలో వేయమన్నాం. ‘అయ్యా, నేను నిజం రాస్తే మిషన్ ఆపాలి. మిషన్ ఆపితే స్లాబు ఆగుతది. స్లాబు ఆగితే నన్ను ఆపుతరు. మీరు చెప్పినంత సులువా?’

సులువు కాదు మామా. మేము సులువని చెప్పలేదు. ఇక్కడి 2012 నాటి లేబర్ చట్టంలో పనిచోట భద్రతకు ఒక భాగమే ఉంది, మీ పక్షాన అడిగే దారులున్నాయి. కానీ పొద్దున ఆరింటికి కాంక్రీటు బండ్లు లైన్లో నిలబడి ఉన్నప్పుడు చట్టం పుస్తకం పక్కన ఉండదు, ఫోర్‌మన్ ఉంటాడు. అది మాకూ తెలుసు, ఒక్కోసారి ఆ ఫోర్‌మన్ వెనక అరిచేది మేమే. మేము చెప్పగలిగింది ఇంతే. ఒక్కడు నోటితో చెప్తే వాడికి భయమని అంటారు. అదే మాట మూడు రోజులు, రెండు షిఫ్టులవాళ్లు, తారీఖులతో రాసి ఉంటే సూపర్‌వైజరుకే భయం పుడుతుంది. మాకు పుడుతుంది. ఏదన్నా జరిగితే ఆ పేజీ మా ముందుకే వస్తుందని మాకు తెలుసు. మేము మిషన్ ఆపమని పైవాళ్లకు చెప్పాలన్నా చేతిలో ఆ పేజీ ఉండాలి.

బయట టీ పెట్టిన బల్ల మీద వంద పేజీల నోట్‌బుక్కులు కొన్ని ఉన్నాయి, పేజీలకు నంబర్లు వేసి పెట్టాం, ప్లాస్టిక్ కవరు, దారంతో కట్టిన పెన్ను కూడా ఉన్నాయి. హాయిస్టు, ఫోర్క్‌లిఫ్టు, జనరేటరు, పంపు నడిపేవాళ్లు ముందు తీసుకోండి. మొదటి పేజీ మీద మిషన్ నంబరు, రేపు పొద్దున అవర్ మీటరు రీడింగు రాయండి. వచ్చే నెల మీటింగుకి వచ్చేటప్పుడు ఎవరైనా తెస్తే కలిసి చూద్దాం. ఖాళీగా ఉన్నా తీసుకురండి.